శిథిలదర్శనము – నామరూపవివేకము

విశాఖపట్టణము నుండి అనకాపల్లికి పోవు జాతీయ రహదారిపై గాజువాక దాటిన పిమ్మట కూర్మన్నపాలెము కూడలి వచ్చును. విశాఖ ఉక్కు కర్మాగారమునకు పోవు మార్గమున నిలిచిన తోరణము ఇచ్చటిదే. కూర్మన్న అను పేరు ఉత్తరాంధ్రమున చిరపరిచితము. శ్రీకాకుళమునకు చేరువనున్న శ్రీకూర్మక్షేత్రమున వెలసిన కూర్మనాథుని స్మరించుచు తల్లిదండ్రులు బిడ్డలకు ఈ పేరు పెట్టుకొందురు. క్షీరసాగరమథన వేళ మందరగిరి మునిగిపోవుచుండగా అడుగున నిలిచి దానిని మోసినవాడు కూర్మమూర్తి. పైన ఎంతటి మథనము జరిగినను, ఎన్ని పుట్టి ఎన్ని గిట్టినను, క్రింద చలింపని ఆధారము ఒకటి కలదనుట ఆ అవతారతత్త్వము.

పారిశ్రామిక నగరములన్నిటివలెనే విశాఖయందును నిర్మాణము, శైథిల్యము ప్రక్కప్రక్కనే ఉన్నవి. కూర్మన్నపాలెమునకు కొలది దూరమున, గాజువాక చెంతనున్న జింకు కర్మాగారము 1977 లో ఉత్పత్తి ప్రారంభించి 2012 లో మూతపడినది. భీమునిపట్టణము దరినున్న చిట్టివలస జనపనార మిల్లు 2009 లో లాకౌట్ పాలైనది. భీమిలిలోనే డచ్చి వర్తకుల సమాధులు సముద్రపు గాలికి అరుగుచున్నవి. ఇట్టి పాడుబడిన కట్టడములను వెదకికొని పోయి, లోపలి చీకటిని, పగిలిన గోడలను, గోడలలో మొలచిన రావిమొక్కలను కెమెరాలో బంధించుట నేడు లోకమంతట వ్యాపించిన అభిరుచి. ఆంగ్లమున దీనిని అర్బన్ ఎక్స్‌ప్లోరేషన్ అందురు. క్లుప్తముగ అర్బెక్స్ అని వ్యవహరింతురు.

ఈ అభిరుచిని కేవలము కుర్రకారు ఉబలాటమని త్రోసివేయుట సులభము. కాని పాడుపడిన ఇంటి ముందు మనిషి ఎందుకు ఆగును? క్రొత్త మేడ ముందు కలుగని మౌనము శిథిలము ముందు ఎందుకు కలుగును? ఈ ప్రశ్నకు మన శాస్త్రములలో సమాధానము కలదు. ఆ సమాధానముతోపాటు ఒక హెచ్చరికయు కలదు. ఆ రెండును బోధపడుటకు ముందుగా కూర్మన్నపాలెము చుట్టుపట్ల జరిగిన చరిత్రను తెలిసికొనవలెను.

రూపము పోయి నామము మిగిలిన ఊళ్లు

1966 లో "విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు" అను నినాదముతో తెలుగునాట మహోద్యమము చెలరేగినది. టి. అమృతరావు నిరాహారదీక్ష వహించిరి. ఆ ఉద్యమమున 32 మంది ప్రాణములర్పించిరి. 1970 ఏప్రిల్ 17 న ప్రధాని ఇందిరాగాంధీ కర్మాగార నిర్ణయమును పార్లమెంటులో ప్రకటించిరి. 1971 జనవరి 20 న శంకుస్థాపన చేసిరి. 1982 లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడినది. 1990 లో తొలి బ్లాస్ట్ ఫర్నేసు వెలిగినది. 1992 ఆగస్టు 1 న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి.

ఇక్కడి బ్లాస్ట్ ఫర్నేసులకు పెట్టిన పేర్లు గమనింపదగినవి. మొదటిది గోదావరి, రెండవది కృష్ణ, తరువాత వచ్చిన మూడవది అన్నపూర్ణ. ఇనుమును కరగించు అగ్నికుండమునకు నదీమతల్లి పేరు, అన్నము పెట్టు జగజ్జనని పేరు పెట్టిన జాతి, యంత్రమును జడవస్తువుగ మాత్రమే చూడలేదనుట స్పష్టము. దసరా నాడు పనిముట్లకు ఆయుధపూజ చేయు సంస్కారమే ఆ నామకరణమునందును ఉన్నది.

అయితే ఆ అగ్నులు వెలుగుటకు ముందు కొన్ని పొయ్యిలు ఆరిపోయినవి. కర్మాగారము కొరకు ఇరువది వేల ఎకరములకు మించిన భూమి సేకరింపబడినది. 64 గ్రామములు ఖాళీ అయినవి. సుమారు 16,500 కుటుంబములు నిర్వాసితములైనవి. వారికి ఆర్ కార్డులనబడు గుర్తింపు పత్రములు ఇచ్చిరి. పెదగంట్యాడ, వడ్లపూడి, అగనంపూడి మున్నగుచోట్ల పునరావాస కాలనీలు వెలసినవి. కొందరికి కర్మాగారమున కొలువు దొరికినది, అందరికిని దొరకలేదు. ఉపాధికై ఆ కుటుంబముల అభ్యర్థనలు దశాబ్దముల తరబడి సాగినవి.

ఊరు అనగా ఇండ్ల వరుస మాత్రము కాదు. ఊరికి పొలిమేర కలదు, చెరువు కలదు, రచ్చబండ కలదు, పెద్దలను సాగనంపిన శ్మశానము కలదు. ఏటేట పండుగ చేయించుకొను గ్రామదేవత కలదు. పొలము వెల కట్టుటకు లెక్కలు ఉన్నవి; పొలిమేర వెల కట్టుటకు లెక్క లేదు. ఇంతటి మార్పు జరిగినను ఆ గ్రామములలో అధికభాగము ఛాయాచిత్రములు కాలేదు. నేల చదును చేయబడినది; కూలిన గోడపై నాచు పట్టుటకు సైతము అవకాశము లేకపోయినది. అవి శిథిలములు కూడ కాలేకపోయిన ఊళ్లు. వాటి రూపము పోయినది; నామము మాత్రము కాగితములలో, వృద్ధుల నోట, ఇంటిపేర్ల ప్రక్కన నిలిచినది.

శిథిలముల ఛాయాచిత్రములందు జరుగునది దీనికి సరిగ విలోమము. అచ్చట రూపము అద్భుతముగ నిలుచును, నామము పోవును. ఆ గది ఎవరిది, ఆ కుర్చీలో ఎవరు కూర్చుండిరి, ఆ తలుపు కడపటిసారి మూసినవారెవరు అను ప్రశ్నలు చిత్రమున కనబడవు. రూపము లేని నామము, నామము లేని రూపము అను ఈ రెండింటి నడుమనే శిథిలదర్శన చరిత్ర అంతయు నడచినది.

హంపీ: కాగితముపై నిలిచిన నగరము

ఛాయాచిత్రణ కళ 1839 లో లోకమునకు ప్రకటింపబడినది. తరువాత ఇరువది ఏండ్లు గడువకమునుపే అది దక్షిణాపథ శిథిలములను చేరినది. మద్రాసు సైన్యమునకు చెందిన అలెగ్జాండర్ గ్రీన్‌లా అను అధికారి 1856 ప్రాంతమున హంపీకి పోయి, మైనము పూసిన పెద్ద కాగితములపై అరువదికి పైగా ప్రతికృతులు తీసెను. గాజుపలకలు ప్రచారమునకు వచ్చుచున్న ఆ దినములలో ఎండకు తట్టుకొనునదని కాగితమును పలువురు వాడెడివారు. ఒక్కొక్క చిత్రమునకు చాల సేపు కదలక నిలువవలసి వచ్చెడిది. రాళ్లు కదలవు గనుక శిథిలములు ఆ తొలి కెమెరాలకు అనువైన వస్తువులైనవి. కదలు మనుష్యులు నీడలవలె చెరిగిపోయెడివారు. చిత్రములలో శిథిలము నిర్జనముగ కనబడుటకు కారణము అది నిర్జనమగుటయే కాదు. కన్ను పట్టుకొనలేనిది చిత్రమున నిలువకపోవుట కూడ.

గ్రీన్‌లా తీసిన ప్రతికృతులు నూరేండ్లకు పైగా మరుగునపడి 1980 ప్రాంతమున వెలుగులోనికి వచ్చినవి. 1983 లో జాన్ గోలింగ్స్ అను ఆస్ట్రేలియా ఛాయాగ్రాహకుడు ఆ చిత్రములను చేతబట్టి, గ్రీన్‌లా నిలిచిన చోటులనే వెదకి, అదే కోణమున మరల చిత్రములు తీసెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచిన కొన్ని మండపముల స్తంభములు తరిగినవి, కొన్ని యథాతథముగ ఉన్నవి, కొన్నింటికి ఆధారముగ క్రొత్త రాతికట్టడములు వచ్చినవి. కాలము చేసిన పనికి సాక్ష్యము దొరికినది.

ఈ నగరమునకు తెలుగువారితో, వేదాంతముతో గల సంబంధము గాఢమైనది. హరిహర బుక్కరాయలకు విద్యారణ్యస్వామి అనుగ్రహముతో 1336 లో విజయనగరము వెలసినదని సంప్రదాయము. 1565 నాటి యుద్ధానంతరము ఆ మహానగరము కూలినది. విఠ్ఠలాలయమున రాతిరథము నిలిచినది, నిత్యార్చన ఆగినది. కాని తుంగభద్రాతీరమున విరూపాక్షుని గుడిలో మాత్రము దీపము వెలుగుచునే వచ్చినది. ఒకే నగరమున, ఒకే శిలతో కట్టిన రెండు ఆలయములలో ఒకటి స్మారకమైనది, ఒకటి సజీవక్షేత్రముగ ఉన్నది. భేదము శిలలో లేదు. వచ్చి పోవు మనుష్యులలో, వారు పిలుచు నామములో ఉన్నది.

కొలిమి ఆరిన నగరములు

ఇరువదవ శతాబ్దమున శిథిలముల స్వభావము మారినది. కోటలు, గుడులు మాత్రమేగాక కర్మాగారములును పాడుపడజొచ్చినవి. జర్మనీలో బెర్న్డ్ బెషర్, హిల్లా బెషర్ అను దంపతులు 1959 మొదలు దశాబ్దములపాటు బ్లాస్ట్ ఫర్నేసులను, నీటితొట్లను, గనుల గోపురములను ఒకే తీరున, మబ్బు పట్టిన వెలుతురులో, ఎదురుగ నిలిచి చిత్రించిరి. వారి చిత్రములలో మనుష్యులు లేరు, నాటకీయత లేదు. మూతపడబోవు పరిశ్రమలకు వారు చేసినది ఒక విధమగు శాంతమైన లెక్క. ఆ దేశముననే ఫోల్క్‌లింగెన్ ఇనుప కర్మాగారము 1873 లో మొదలై 1986 లో ఆగినది. 1994 లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించినది. ఆరిన కొలిమికి ఆలయగౌరవము లభించినది.

కెనడాలోని టొరాంటో నగరమున జెఫ్ చాప్‌మన్ అను యువకుడు 1996 లో ఒక చిన్న పత్రికను నడపి, మూసిన కట్టడములలోనికి, భూగర్భమార్గములలోనికి పోయి చూచు అభిరుచికి ఒక నీతిని ఏర్పరచెను. ఏమియు విరుగగొట్టరాదు, ఏమియు తీసికొనిపోరాదు, చూచి రావలెను అనునది ఆ నీతిసారము. 2005 లో అతడు అకాలమరణము చెందినను, ఆ నియమములు ఆ మార్గమున నడచువారికి నేటికిని ప్రమాణములు. పతంజలి మహర్షి చెప్పిన అస్తేయ అపరిగ్రహములు ఎచ్చటనో, ఎవరి నోటనో, మరియొక రూపమున పలికినట్లు తోచును.

ఇంతలో అమెరికాలోని డెట్రాయిట్ నగరము ఈ అభిరుచికి తీర్థస్థలమైనది. మోటారుకార్ల పరిశ్రమకు రాజధానియైన ఆ నగరమున 1950 లో సుమారు 18.5 లక్షల జనులుండిరి; 2020 నాటికి 6.4 లక్షలకు తగ్గిరి. మూతపడిన కర్మాగారములను, నాటకశాలలను, పాఠశాలలను చిత్రించుటకు దేశదేశముల ఛాయాగ్రాహకులు వచ్చిరి. 2010 లో ఈవ్ మార్షాన్, రొమాఁ మెఫ్ర్ అను ఫ్రెంచి యువకులు ప్రచురించిన డెట్రాయిట్ శిథిలముల గ్రంథము విఖ్యాతమైనది. కాని ఆ నగరవాసులనుండియే ఒక ఆక్షేపణ లేచినది. "ఇచ్చట ఇంకను ఆరు లక్షలకు పైగా మనుష్యులు బ్రదుకుచున్నారు, మీ చిత్రములలో వారెక్కడ?" అనునది దాని సారాంశము. మా దుఃఖము మీకు దృశ్యవినోదమైనదని వారి బాధ.

ఆ నగరమునందే మిషిగన్ సెంట్రల్ అను మహా రైలుస్టేషను 1913 లో తెరువబడి, 1988 లో కడపటి రైలును పంపినది. ముప్పది ఏండ్లు అది లోకమున ఎక్కువగ చిత్రింపబడిన శిథిలములలో ఒకటి. 2018 లో ఫోర్డ్ సంస్థ దానిని కొని, 2024 లో పునరుద్ధరించి తెరచినది. అనగా, అందమైన శిథిలముగ లోకము మెచ్చిన దానిని ఆ ఊరివారు మరల కట్టడముగ కోరుకొనిరి.

ఆకర్షణ స్వరూపము

శిథిలము ముందు మనస్సు ఆగుటకు హేతువేమి? మన పెద్దలు మూడు తాత్కాలిక వైరాగ్యములను చెప్పుదురు. పురాణము వినునప్పుడు కలుగునది పురాణవైరాగ్యము. ప్రసవవేదనలో కలుగునది ప్రసూతివైరాగ్యము. చితి ముందు కలుగునది శ్మశానవైరాగ్యము. మూడును నిజములే, మూడును అల్పాయుష్కములే. శ్మశానము నుండి ఇంటికి వచ్చి స్నానము చేసి భోజనమునకు కూర్చుండగనే మూడవది కరగిపోవును. శిథిలదర్శనమున కలుగు నిశ్శబ్దము ఈ మూడవదానికి సోదరము. ఇంత కట్టినవారును పోయిరి గదా అను తలపు ఒక్కక్షణము మనస్సును ప్రపంచమునుండి విడదీయును. పిమ్మట చిత్రము ఎట్లు వచ్చినదను చింత దాని స్థానమును ఆక్రమించును.

అలంకారశాస్త్రము దీనినే మరింత సూక్ష్మముగ విచారించినది. శాంతరసమునకు నిర్వేదము స్థాయిభావమని మమ్మటుడు చెప్పెను. దారిద్ర్యము, ఇష్టవియోగము మున్నగువానివలన కలుగు నిర్వేదము సంచారి మాత్రమే; తత్త్వజ్ఞానమువలన కలుగునదే స్థాయి. అభినవగుప్తపాదులు ఒక అడుగు ముందుకు వేసి తత్త్వజ్ఞానమే, ఆత్మయే శాంతమునకు స్థాయి అని నిర్ణయించిరి. ఈ విభాగమును శిథిలముల విషయమున ఉపయోగించిన సత్యము తేటపడును. పాడుగోడను చూచి కలుగు దిగులు సంచారి. అది వచ్చును, పోవును. ఆ దిగులు "పోవునది ఏది, పోనిది ఏది" అను విచారముగ మారినపుడే స్థాయి.

ఆ విచారమునకు మార్గము దృగ్దృశ్యవివేకమున కలదు. శంకరభగవత్పాదుల పేరను, భారతీతీర్థ విద్యారణ్యుల పేరను సంప్రదాయము చెప్పుకొను ఆ చిన్న గ్రంథము ప్రతి వస్తువునందును ఐదు అంశములను విడదీయును: ఉండుట, తోచుట, ప్రియమగుట, రూపము, నామము. కడపటి రెండు జగత్తుకు చెందినవి, మారునవి. మొదటి మూడు బ్రహ్మస్వరూపములు, మారనివి. శిథిలము ఈ పాఠమునకు ప్రత్యక్షోదాహరణము. రైలుస్టేషను అను నామము పోయినది, రూపము సగము పోయినది; "ఉన్నది" అనుట మాత్రము పోలేదు. కప్పు కూలినచోట ఆకాశము ఉన్నది. మనుష్యులు పోయినచోట నిశ్శబ్దము ఉన్నది. ఆ "ఉన్నది" అనునదే చూచువానిని పిలుచుచున్నది. శిథిలముల ఆకర్షణకు అసలు మూలము మరణము కాదు, సత్తు.

కాని ఇచ్చటనే ఒక ప్రమాదము కూడ పొంచియున్నది. నామరూపములు మిథ్యయనుట విని, నామరూపములు గల మనుష్యుల దుఃఖమును అనాదరముతో చూచుట వేదాంతము కాదు. అది పారమార్థిక దృష్టిని వ్యవహారమున దుర్వినియోగము చేయుట. 64 ఊళ్లు మాయ గనుక వాటిని గూర్చి చింతింపనక్కరలేదనువాడు, తన ఇల్లు కూలునాడును అట్లే అనగలడా? అనగలిగిన వానికే ఆ మాట చెల్లును. తక్కినవారికి నామరూపములను దాటు మార్గము నామరూపములను గౌరవించుట ద్వారానే పోవును. గీతయందు స్థితప్రజ్ఞునికి కూర్మము ఉపమానమైనది. అది అవయవములను లోనికి ముడుచుకొనునే గాని నరికివైచుకొనదు. ఇంద్రియములను ఉపసంహరించుట వేరు, హృదయమును మొద్దుబార్చుకొనుట వేరు.

నామము మరచిన చోట

శిథిలమునకు నామము తప్పిపోయిన ఏమి జరుగునో తెలియుటకు కూర్మన్నపాలెము నుండి అదే రహదారిపై అనకాపల్లి వరకు పోయిన చాలును. శంకరము గ్రామమున బొజ్జన్నకొండ, లింగాలకొండ అను జంటగుట్టలున్నవి. రాతిలో తొలచిన గుహలు, వరుసవరుసలుగ శిలాస్తూపములు, బుద్ధమూర్తులు అచ్చట కలవు. 1906–07 ప్రాంతమున అలెగ్జాండర్ రే ఆ స్థలమును త్రవ్వి వెలికితీసెను. బుద్ధునికొండయే బొజ్జన్నకొండ అయినదని పలువురి అభిప్రాయము.

కనుమనాడు చుట్టుప్రక్కల జనులు ఆ కొండకు వచ్చి, బొజ్జ వలె కనబడు ఒక రూపమును రాక్షసుడని తలచి రాళ్లు రువ్వుట బహుకాలము ఆచారముగ ఉండెను. అందు ద్వేషము లేదు. తాము రువ్వునది ధ్యానభూమిపైనని వారికి తెలియదు. ఇటీవలి ఏండ్లలో వారసత్వ పరిరక్షకుల కృషిచే ఆ ఆచారమును మాన్పించిరి. రజ్జువును చూచి సర్పమని భయపడుట వేదాంతమున అధ్యాసకు ప్రసిద్ధోదాహరణము. ఇచ్చట తపోభూమియందు రాక్షసుని అధ్యాస జరిగినది. రూపము కన్నులయెదుటనే ఉన్నది; నామము మరచుటచేత ఆ రూపమే విపరీతముగ తోచినది.

విశాఖకు ఉత్తరమున భీమిలి దారిలోనున్న తొట్లకొండ చరిత్ర వేరొక పాఠము చెప్పును. 1976 లో నౌకాదళము వారు తమ స్థావరము కొరకు విమానమునుండి చేసిన సర్వేలో ఆ బౌద్ధస్థలము బయటపడినది. 1988 నుండి 1993 వరకు రాష్ట్ర పురావస్తుశాఖ త్రవ్వకములు జరిపినది. రాతిలో తొలచిన నీటితొట్లవలననే ఆ కొండకు ఆ పేరు. వేయేండ్లకు మించి శాస్త్రజ్ఞులకు తెలియని స్థలమునకు ఆనవాలును కాపాడినది ఊరివారి మాట. పండితుడు మరచిన దానిని పల్లెటూరి నామము మోసినది. అచ్చటి మహాస్తూపపు పునర్నిర్మితభాగము 2019 అక్టోబరు వానలకు కూలినది. చూచుట, త్రవ్వుట, కట్టుట అను పనులు ఒకసారితో ముగియునవి కావని ఆ ఘటన గుర్తుచేసినది.

పురూరవుని చూపు

పాడుబడిన దివ్యస్థలమును కనుగొన్న మొదటి యాత్రికుని కథ విశాఖ ప్రజలకు క్రొత్తది కాదు. సింహాచల స్థలపురాణము దానినే చెప్పును. ప్రహ్లాదుడు ప్రతిష్ఠించి పూజించిన వరాహనరసింహమూర్తి కాలక్రమమున ఆదరణ లేక, ఆలయము శిథిలమై, మట్టిపుట్టలో కప్పబడిపోయినది. తరువాతి యుగమున పురూరవ చక్రవర్తి ఊర్వశితో విమానమున పోవుచు ఆ కొండవైపు ఆకర్షింపబడి దిగి, పుట్టలోని స్వామిని కనుగొనెను. అతడు అద్భుతదృశ్యమును చూచి ఆనందించి వెడలిపోలేదు. మట్టిని తొలగించి, అభిషేకించి, ఆలయమును మరల నిలిపెను. తొలగించిన మట్టికి బదులుగ చందనము పూయవలెనని, ఏటికొక్కసారి మాత్రమే నిజరూపము చూడవలెనని ఆదేశము కలిగినది. నేటికిని వైశాఖ శుద్ధ తదియనాడు, అక్షయతృతీయ వేళ, చందనోత్సవమున ఆ నిజరూపదర్శనము లక్షలాది భక్తులకు లభించుచున్నది.

ఈ కథలో శిథిలదర్శనమునకు కావలసిన ధర్మమంతయు ఉన్నది. మొదట ఆకర్షణ, పిదప దిగిరావుట, పిదప గుర్తించుట, తుదకు సేవ. విమానమునుండి చూచుట మాత్రమే పర్యాటకము. దిగివచ్చి పేరు తెలిసికొనుట దర్శనము. చందనము పూయుటలో మరియొక సూక్ష్మము కలదు. చూడదగినదంతయు ఎల్లవేళల చూడరాదు. కప్పిపుచ్చుట కూడ ఒక మర్యాదయే. ప్రతి చీకటిగదిని వెలుగుతో నింపి లోకమునకు చూపుటయే పరమార్థమని తలచు కెమెరాకు ఈ మర్యాద తెలియవలెను.

ఆగమశాస్త్రములు ఈ సేవకు జీర్ణోద్ధరణమని పేరు పెట్టినవి. ఆలయము జీర్ణమైనప్పుడు మూర్తియందలి దివ్యకళను మంత్రపూర్వకముగ ఆకర్షించి బాలాలయమున నిలుపుదురు. కట్టడమును బాగుచేసిన పిమ్మట మరల ఆవాహన చేసి కుంభాభిషేకము జరుపుదురు. మరమ్మతు జరుగు కాలమున సైతము పూజ ఆగదు. నూతన నిర్మాణముకంటె జీర్ణోద్ధరణము అధికఫలప్రదమని పెద్దలు చెప్పుదురు. శిథిలమును శిథిలముగనే ప్రేమించుట మన సంప్రదాయమునకు అంతగ రుచింపని విషయము.

సింహాచలమున 1098 నాటి కుళోత్తుంగ చోళుని కాలపు శాసనము మొదలు ఎందరో రాజుల శాసనములున్నవి. పదమూడవ శతాబ్దమున తూర్పు గంగరాజుల కాలమున ఆలయము పునర్నిర్మితమైనది. 1516 లో కృష్ణదేవరాయలు వచ్చి స్వామిని సేవించిరి. ఆ చోళులు పోయిరి, గంగులు పోయిరి. రాయల రాజధాని గ్రీన్‌లా కెమెరాకు వస్తువైనది. రాజులు సేవించిన దీపము మాత్రము ప్రతితరమున ఎవరో ఒకరు నూనె పోయుటవలన వెలుగుచున్నది. నిలుచునది శిల కాదు, సంరక్షణ.

చూచువాని ధర్మములు

ఇందుమూలమున శిథిలముల యొద్దకు పోవు సాధకునకు కొన్ని నియమములు ఏర్పడుచున్నవి. మొదటిది అహింస, ఇది తనయెడలను వర్తించును. పాడుబడిన కర్మాగారములలో తుప్పుపట్టిన మెట్లు, మూతలేని గుంతలు, నిలువ ఉండిపోయిన రసాయనములు ఉండవచ్చును. అనుమతి లేక చొరబడుట చట్టరీత్యా తప్పు, శరీరమునకు అపాయము. రెండవది అస్తేయము, ఒక తలుపుగొళ్లెమైనను, ఒక పాతకాగితమైనను తెచ్చుకొనరాదు. మూడవది సత్యము, చిత్రమున ఉన్నదానిని లేనిదిగ, లేనిదానిని ఉన్నదిగ చూపరాదు. భయము పుట్టించుటకై దెయ్యపుకథలు అంటగట్టుట ఆ ఇంటివారియెడల అసత్యము. నాలుగవది అన్నిటికంటె ముఖ్యము: రూపముతోపాటు నామమును తేవలెను. ఆ చుట్టుప్రక్కల ఉన్న పెద్దలను అడిగి, ఆ కట్టడము ఎవరిది, అచ్చట ఏమి పని జరిగెడిది, ఎందుకు మూతపడినది తెలిసికొని వ్రాసి ఉంచవలెను. ఒక్క చిత్రము క్రింద ఒక్క పంక్తి సత్యము వ్రాసిన చాలును. ఆ చిత్రము వినోదము కాక సాక్ష్యమగును.

కూర్మన్నపాలెమున ఈ నాల్గవ నియమమునకు అత్యవసరమైన క్షేత్రము కన్నులయెదుట ఉన్నది. 64 గ్రామములను తమ బాల్యమున చూచినవారు నేడు వృద్ధులు. ఏ ఊరికి ఏ చెరువు ఉండెనో, ఏ చెట్టుక్రింద ఏ అమ్మవారికి పండుగ జరిగెడిదో వారికి తెలియును. ఆ ఊళ్లకు తీయుటకు రూపము మిగులలేదు. వినుటకు నామము మిగిలినది. వారి తరము ముగిసిన అదియు ఉండదు. కూలిన గోడకై దూరదేశములు తిరుగు కెమెరా, కాలనీ అరుగుమీద కూర్చున్న ఒక అవ్వ ముఖమును, ఆమె చెప్పు ఊరిపేరును పట్టుకొనగలిగిన, లోకమున ఏ శిథిలచిత్రమునకును లేని విలువ దానికి కలుగును.

ఇక ఆ ఊళ్ల నేలపై నిలిచిన కర్మాగారము కూడ పరీక్షాకాలమును చూచినది. 2021 జనవరిలో దాని ప్రభుత్వవాటాలను పూర్తిగ ఉపసంహరించుటకు కేంద్రము సూత్రప్రాయముగ నిర్ణయించినది. ఆ ఫిబ్రవరి మొదలు కూర్మన్నపాలెము తోరణము చెంత కార్మికులు, నిర్వాసితులు రిలే నిరాహారదీక్షలు సాగించిరి. 2024 సెప్టెంబరున ఒక దశలో మూడు ఫర్నేసులలో ఒక్కటే వెలిగినది, అన్నపూర్ణయు ఆరినది. 2025 జనవరిలో కేంద్రము 11,440 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించినది. ఆర్థిక విధానములలో ఏది యుక్తమో తేల్చుట వేదాంతము పని కాదు. కాని ఒక సంగతిని వేదాంతి గుర్తింపకతప్పదు. ఊరిని ఇచ్చినవారు, ఆ ఊరిపై నిలిచినది కూడ శిథిలము కాకుండుటకై దీక్ష వహించిరి. జీర్ణోద్ధరణ సంకల్పము ఆగమపండితునికి మాత్రమే చెందినది కాదు. తన కాలి క్రింది నేలకు పేరు తెలిసిన ప్రతివానికిని చెందినది.

నామరూపములు నశించునవే. అయినను వాటిని కాపాడుట, కాపాడలేనపుడు జ్ఞాపకముంచుకొనుట, ఆ జ్ఞాపకమునందును ఆగక వాటికాధారమైన సత్తును తెలిసికొనుట అను మూడు మెట్లు సాధకునికి విహితములు. మొదటి మెట్టు ఎక్కనివానికి మూడవది అందదు. పాడుగోడ ముందు నిలిచిన మౌనము ఈ మూడింటివైపు నడపినచో అది దర్శనము. నడపకున్నచో అది చక్కని చిత్రము మాత్రమే.

ఇతి శమ్.